ఫాల్ కలర్స్ రైలు మన దగ్గర ఉందా? అరకు ట్రైన్, వలిసె పూలు, మా అమ్మ (ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్)

పోయిన వారం ఒక తమ్ముడు కామెంట్‌లో అడిగాడు: "అన్నా, అమెరికాలో ఎర్రటి ఆకుల మధ్యలో నుంచి ట్రైన్ పోయే రీల్స్ రోజూ కనపడుతున్నయ్. అలాంటిది మన దగ్గర ఉందా? లేకపోతే వీసా వచ్చేదాకా ఆగాల్సిందేనా?"

మంచి ప్రశ్న. నాకూ అలాంటి రీల్స్ వస్తాయి. బీటెక్‌లో నా పక్క బెంచీలో కూర్చున్నవాడు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. అక్టోబర్ వచ్చిందంటే చాలు, న్యూ హాంప్‌షైర్‌లో కాన్వే సీనిక్ రైల్‌రోడ్ ఎక్కి, అద్దాల డబ్బాలో కూర్చుని, ఎరుపు, నారింజ, పసుపు కొండలు చూపిస్తూ నాకు వీడియో కాల్ చేస్తాడు. నేను ఇబ్రహీంపట్నంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని చూస్తుంటా. మా ఇబ్రహీంపట్నం అంటే హైదరాబాద్ పక్కది కాదు, విజయవాడ పక్కది కూడా కాదు. జగిత్యాల జిల్లాది, మెట్‌పల్లి దాటాక వచ్చేది.

ఒకరోజు ఆ కాల్ మా అమ్మ కూడా చూసింది. ఒడిలో చాట, చేతిలో బీడీ. మా దగ్గర చాలా ఇళ్లలో లాగే మా అమ్మ కూడా బీడీలు చేస్తుంది. స్క్రీన్ చూసి ఒక్క మాట అన్నది: "గా ఆకులు ఎండిపోతున్నయ్ కదా బిడ్డా, గంత సంబురమెందుకు?"

ఇవాళ్టి ఎపిసోడ్ ఆ ప్రశ్న నుంచే పుట్టింది. తమ్ముడి ప్రశ్నకు కూడా జవాబు చెప్తా. ఉంది, మన దగ్గరా ఉంది. కాకపోతే మనది ఆకుల్లో ఉండదు. ఎక్కడ ఉంటుందో చెప్పాలంటే ముందు కొంచెం సైన్స్ మాట్లాడుకోవాలి. రెండే నిమిషాలు, స్కిప్ చేయకండి.

ఆకు ఎందుకు ఎర్రబడుతుంది?

ఆకు పచ్చగా ఉండటానికి కారణం క్లోరోఫిల్. ఎండను పట్టుకుని చెట్టుకు తిండి తయారు చేసేది అదే. చలి దేశాల్లో సెప్టెంబర్ నుంచి పగలు తగ్గిపోతుంది, చలి పెరుగుతుంది. చెట్టు లెక్క వేసుకుంటుంది, "ఇక ఈ ఆకుల్ని మెయింటెయిన్ చేయడం దండగ" అని. ఆకులో ఉన్న పోషకాలను వెనక్కి లాక్కుంటుంది. క్లోరోఫిల్ విరిగిపోతుంది. అప్పటిదాకా పచ్చదనం కింద దాక్కున్న పసుపు రంగు బయటపడుతుంది. అది కొత్తగా వచ్చింది కాదు, ఎండాకాలమంతా అక్కడే ఉంది. ఎరుపు మాత్రం కొత్తదే. మేపుల్ లాంటి చెట్లు ఆకులో మిగిలిన చక్కెరతో, చల్లటి రాత్రుల్లో, ఆ రంగును అప్పటికప్పుడు తయారు చేస్తాయి. తర్వాత ఆకు తొడిమ దగ్గర ఒక బెరడు పొర గోడలా కట్టుకుంటుంది. చిన్న గాలి వస్తే చాలు, ఆకు రాలిపోతుంది.

అంటే మా అమ్మ చెప్పింది కరెక్టే. అది చెట్టు షట్‌డౌన్ అయ్యే టైమ్.

మరి మన దగ్గర ఎందుకు అలా జరగదు? మన చెట్లకు భయం చలి గురించి కాదు, నీళ్ల గురించి. అక్టోబర్‌లో వానలు అప్పుడే తగ్గి, నేలలో తడి బాగా ఉంటుంది. చెట్టుకు ఆకు రాల్చాల్సిన అవసరమే లేదు. మన అడవుల్లో టేకు, మోదుగ లాంటివి ఆకు రాల్చేది జనవరి దాటాక, నేల ఎండినప్పుడు. అందుకే అక్టోబర్‌లో కెమెరా పట్టుకుని ఎర్ర ఆకుల కోసం తిరిగితే మనకు దొరికేది పచ్చదనమే.

కానీ ఇక్కడ ఒక ట్విస్ట్ ఉంది. పగలు తగ్గడం మన దగ్గర కూడా జరుగుతుంది. న్యూ హాంప్‌షైర్‌లో ఎండాకాలం పగటికి, చలికాలం పగటికి తేడా ఆరు గంటలకు పైనే. మన దగ్గర సుమారు రెండు గంటలు. ఆ రెండు గంటల తేడా మనం పట్టించుకోం. పట్టించుకునే మొక్క ఒకటుంది. దాని పేరు వలిసె.

వలిసె ఎవరు?

వలిసెలు అంటే నూనె గింజల పంట. వెర్రినువ్వులు అని కూడా అంటారు. ఇంగ్లీషులో నైజర్. పొద్దుతిరుగుడు, చామంతి కుటుంబమే. పుట్టిల్లు ఇథియోపియా. అరకు లోయలో ఆదివాసీ రైతులు వానాకాలంలో కొండవాలు మీద చల్లుతారు. బోరు ఉండదు, బావి ఉండదు, పడ్డ వానే దిక్కు. పగటి వెలుతురు తగ్గిందని తెలిస్తేనే ఈ మొక్క పూత మొదలుపెడుతుంది. అక్టోబర్ చివర నుంచి డిసెంబర్ దాకా కొండవాళ్లన్నీ పసుపు పూసినట్టు అయిపోతాయి.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఈవెంట్ ట్రిగ్గర్ ఒకటే, అవుట్‌పుట్ వేరు. పగలు తగ్గిందని అక్కడ మేపుల్ దుకాణం మూస్తుంది. అదే కబురు విని ఇక్కడ వలిసె దుకాణం తెరుస్తుంది. మన ఫాల్ కలర్ ఇదే. దీని మధ్యకు తీసుకుపోయే కొండ రైలు కూడా ఉంది.

ఈ రైలు మన కోసం వేసింది కాదు

విశాఖపట్నం నుంచి కిరండూల్ పోయే రైలు. అరకు ట్రైన్ అంటే అదే. కొత్తవలస దగ్గర మెయిన్ లైన్ వదిలి కొండల వైపు తిరుగుతుంది కాబట్టి ఈ మార్గాన్ని కొత్తవలస–కిరండూల్ లైన్, షార్ట్‌గా కేకే లైన్ అంటారు.

ఇంత అందమైన దారిలో రైలు వేశారు కదా, టూరిస్టుల కోసమే అనుకున్నా నేను. కాదు. ఛత్తీస్‌గఢ్‌లో బైలదిల్లా కొండలున్నాయి. అక్కడ మంచి ఇనుప ఖనిజం ఉంది. 1960లో మన దేశానికీ, జపాన్ ఉక్కు కంపెనీలకూ ఒప్పందం కుదిరింది. ఒక్క బైలదిల్లా నుంచే ఏడాదికి 40 లక్షల టన్నుల ఖనిజం పంపాలి. గని కొండల్లో ఉంది, ఓడ విశాఖలో ఉంది, మధ్యలో తూర్పు కనుమలున్నాయి. ఆ ఖనిజం మోయడానికి 1960ల్లో ఈ లైన్ వేశారు. మనుషులు ఎక్కే బండి దాని మీద అతిథి మాత్రమే.

ఇంకో విచిత్రం చూడండి. ఎర్ర ఆకులు చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదిలే దేశం ఏది? జపానే. దానికి వాళ్ల భాషలో మొమిజిగారి అని పేరు కూడా ఉంది. క్యోటోలో సగానో సీనిక్ రైల్వే అని ఒకటుంది. కొత్త లైన్ వచ్చాక పక్కన పడేసిన పాత పట్టాల మీద, నది ఒడ్డున, 1991 నుంచి టూరిస్ట్ రైలు నడుపుతున్నారు. అక్కడ రైళ్లకు అవసరం తీరాక ఆ దారిని చూడ్డానికి ఇచ్చారు. మన దగ్గర అవసరం తీరలేదు. అరకు దారిలో ఇవాళ్టికీ ఖనిజం బండ్లు దిగుతూనే ఉంటాయి. మీ బండి ఏదో చిన్న స్టేషన్‌లో ఇరవై నిమిషాలు ఆగిందంటే, పక్కన ఒక పొడుగాటి గూడ్స్ దాటుతోందని అర్థం. లైన్ చాలా భాగం ఒకటే కాబట్టి ఎవరో ఒకరు ఆగాలి. రెండో లైన్ పనులు నడుస్తున్నాయి. తిట్టుకోకండి, దిగి ఫొటో తీసుకోండి. కానీ స్టేషన్‌లోనే ఉండండి.

అమ్మతో అరకు

పోయిన నవంబర్‌లో అమ్మను తీసుకుపోయా. ఇబ్రహీంపట్నం నుంచి మెట్‌పల్లి, అక్కడి నుంచి జగిత్యాల, కరీంనగర్ మీదుగా వరంగల్ దాకా బస్సులు. సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. కిరండూల్ బండి విశాఖలో ఉదయం ఏడు లోపే కదులుతుంది. ముందు రోజు రాత్రే విశాఖలో ఉండేలా ప్లాన్ చేసుకుంటే ఇంకా సేఫ్. మా బండి లేటైతే ఎట్లా అని నాకు రాత్రంతా నిద్ర లేదు. అమ్మ మాత్రం హాయిగా పడుకుంది.

ఈ దారిలో ఒక స్పెషల్ డబ్బా ఉంది. పేరు విస్టాడోమ్. పైకప్పు అద్దం, కిటికీలు పెద్దవి, సీటు గుండ్రంగా తిరుగుతుంది. చెన్నై ఐసీఎఫ్‌లో తయారైంది. దేశంలో ఇలాంటి డబ్బాను మొట్టమొదట, 2017 ఏప్రిల్‌లో, పెట్టింది ఈ విశాఖ–అరకు బండికే. మొదటి దాంట్లో 40 సీట్లు. మాకు దొరకలేదు. మామూలు సెకండ్ క్లాస్‌లో కిటికీ పక్కన కూర్చున్నాం. నిజం చెప్పాలంటే నాకు అదే నచ్చింది. కిటికీలోంచి చల్లగాలి ముఖానికి తగులుతుంది. అద్దాల డబ్బాలో అది ఉండదు.

శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేదాకా మామూలు పల్లెటూళ్లు, పొలాలు. బొడ్డవర తర్వాత ఘాట్ మొదలు. శివలింగపురం, తైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, ఆ తర్వాత అరకు. ఈ పేర్లు వరసగా గుర్తుపెట్టుకోండి, ఎక్కడున్నామో మ్యాప్ లేకున్నా తెలుస్తుంది. ఘాట్‌లో సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు.

రైలు కొండ ఎక్కడం అంటే బైక్ ఎక్కినట్టు కాదు. ఉక్కు చక్రం, ఉక్కు పట్టా. పట్టు తక్కువ, జారుతుంది. అందుకే వాలు చాలా తక్కువగా పెట్టాలి. ఇక్కడ సుమారు 60 మీటర్లు ముందుకు పోతే 1 మీటరు పైకి. సముద్రం పక్కనున్న విశాఖ నుంచి శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తుకు పోవాలి. నేరుగా పోతే వాలు సరిపోదు. కాబట్టి దారిని సాగదీయాలి. కొండ చుట్టూ తిరగాలి, లోయ మీద వంతెన కట్టాలి, అడ్డమొస్తే తొలుచుకుపోవాలి. మలుపులన్నీ అందుకే. ఈ లైన్ మీద 58 సొరంగాలున్నాయి. శిమిలిగూడ ఒకప్పుడు దేశంలోనే అత్యంత ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరుపొందింది. కశ్మీర్‌లో లైన్ వచ్చాక ఆ రికార్డు అటు పోయింది.

అమ్మ సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆమెకు లెక్క అంటే కట్టల లెక్క. బీడీ కట్టకు ఇరవై ఐదు. "ఒక కట్ట అయిపాయె" అన్నది కాసేపటికి. తర్వాత ఒక జలపాతం కనిపిస్తే అటు చూస్తూ లెక్క మరిచిపోయింది. నేను పుట్టిన తర్వాత మా అమ్మ లెక్క తప్పడం అదే మొదటిసారి చూడటం.

ఎత్తు పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖలో ఫ్యాన్ కావాలి, అరకులో స్వెట్టర్ కావాలి. కాఫీకి కావాల్సింది కూడా ఈ చల్లదనమే. కిటికీలోంచి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి చుట్టుకున్న మిరియాల తీగ, కింద నీడలో కాఫీ మొక్కలు కనిపిస్తాయి. నవంబర్ నుంచి కాఫీ పండ్లు ఎర్రబడతాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాబట్టి ఎరుపు కావాలన్నవాళ్లకు ఎరుపు కూడా ఉంది.

పూల చేనులో నేను చేసిన తప్పు

ఇప్పుడు అసలు విషయం. ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించా. చెప్తున్నా.

రెండేళ్ల కింద నేను ఒక్కడినే అరకు పోయినప్పుడు ఒక రీల్ చేశా. మీలో చాలామంది చూసే ఉంటారు. వలిసె చేను మధ్యలో వెల్లకిలా పడుకుని, పైనుంచి డ్రోన్ షాట్. నా చానల్‌లో అప్పటిదాకా ఏ వీడియోకూ రాని వ్యూస్ దానికి వచ్చినయ్.

ఈసారి అమ్మతో అదే రోడ్డు మీద ఆగా. చేను గట్టున ఒక ఆదివాసీ అక్క నిలబడి ఉంది. ఫొటోలకు మనిషికి ఇరవై రూపాయలు అన్నది. నా వెనకాల దిగిన ఒక గ్రూప్ గొడవ పెట్టుకుంది, పూలు చూడ్డానికి కూడా డబ్బులా అని. నేను డబ్బులిచ్చి లోపలికి పోబోయా. అమ్మ నా చొక్కా పట్టుకుని ఆపింది.

"యాడికి పోతున్నవ్‌రా? పంటల చెప్పులేసుకుని తొక్కుకుంట పోతవా? మన పసుపు చేన్ల ఎవడన్న గిట్ల దొర్లితే ఊకుందువా?"

అప్పుడు చూశా. రోడ్డు నుంచి చేను మధ్యదాకా ఒక బాట పడి ఉంది. ఎవరూ వేసిన బాట కాదు, నాలాంటి వాళ్లు తొక్కింది. మొక్కలు నడుముకు విరిగి పడి ఉన్నాయి. అమ్మ, ఆ అక్క మాటల్లో పడ్డారు. యాసలు వేరైనా అర్థమైపోయింది ఇద్దరికీ. మా అమ్మ "ఎంత పండుతది చెల్లె?" అంటే, ఆమె చేత్తో చూపించి, "తొక్కకపోతే ఇంటికి నూనె అక్కా, మిగిలితే అమ్ముకోడం" అన్నది.

ఇంటికొచ్చాక కొంచెం చదివా. వలిసె పువ్వు తనంతట తాను గింజ కట్టదు. ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు చేరాలి. ఆ పని తేనెటీగలది. మనం బంగారు రంగు చూసి మురిసిపోయే ఆ నాలుగైదు వారాలే వాటికి డ్యూటీ టైమ్. ఒక పువ్వు తెంపితే ఒక పువ్వు పోవడం కాదు, దాంట్లో కట్టాల్సిన ఇరవై ముప్పై గింజలు పోతాయి. ఆ గింజలో సుమారు మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే నూనె ఉంటుంది. నేను పడుకున్న ఆ నలభై సెకన్ల షాట్ కింద ఎన్ని గింజలు పోయాయో లెక్క వేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇంకో సంగతి విని నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా. ఇథియోపియా నుంచి, మన దేశం నుంచి ఈ వలిసె గింజలు అమెరికాకు ఎగుమతి అవుతాయి. ఎందుకో తెలుసా? పెరట్లో పిట్టలకు వేయడానికి. మళ్లీ మొలకెత్తకుండా వేడి చేసి అమ్ముతారు అక్కడ. మా ఫ్రెండ్‌కు కాల్ చేసి అడిగితే, వాడు కెమెరా తిప్పి వెనక పెరట్లో వేలాడుతున్న గొట్టం చూపించాడు. నిండా సన్నటి నల్ల గింజలు. ఏ దేశం నుంచి వచ్చినయో వాడికీ తెలియదు. నేను ఎర్ర ఆకుల కోసం వాడి ఫోన్ వైపు చూస్తున్నా, వాడి పెరట్లో పిట్టలు మాత్రం మన పసుపు కొండ మీది పంటను తింటున్నాయి.

ఆ పాత రీల్ డిలీట్ చేశా. వ్యూస్ పోయినయ్, పర్లేదు.

మీరు పోవాలంటే

ఎప్పుడు: నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య దాకా బెస్ట్. వానలు ఎప్పుడు ఆగాయన్నదాన్ని బట్టి పూత వారం అటూ ఇటూ అవుతుంది. పోయే ముందు ఈ ఏడాది ఫొటోలే చూడండి, పాతవి నమ్మకండి.

టికెట్: విస్టాడోమ్ కావాలంటే ముందే రిజర్వ్ చేసుకోండి. శని, ఆదివారాలు వదిలేసి మంగళ, బుధవారాలు చూడండి. టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి రైల్వే యాప్‌లో చెక్ చేసి బయలుదేరండి. విశాఖ నుంచి అరకుకు దాదాపు నాలుగు గంటలు పడుతుంది.

వాన: భారీ వానలు, తుపాన్లప్పుడు ఘాట్‌లో కొండరాళ్లు పట్టాల మీద పడతాయి. బండి మధ్యలో ఆపొచ్చు, రద్దు చేయొచ్చు. అల్పపీడనం వార్త ఉంటే ప్లాన్ మార్చుకోండి.

తలుపు: తలుపు దగ్గర వేలాడి సెల్ఫీ వద్దు. సొరంగం గోడకూ డబ్బాకూ మధ్య ఖాళీ మీరు అనుకున్నంత ఉండదు. చీకటి ఒక్కసారిగా మీద పడుతుంది. ఈ ఒక్క మాట వినండి చాలు.

చేను: గట్టు మీద నిలబడే ఫొటో తీసుకోండి. గట్టు నుంచి కూడా ఫ్రేమ్ నిండా పసుపే వస్తుంది, నేను తీసి చూశా. డబ్బులు అడిగితే ఇవ్వండి. అది ఎంట్రీ ఫీజు కాదు, మన వల్ల పోయే పంటకు ఎంతో కొంత. చిప్స్ కవర్లు బ్యాగ్‌లోనే వెనక్కి తెచ్చుకోండి.

అరకు దాకా పోలేనివాళ్లకు

అంత దూరం, అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకునే మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మనకూ ఒక రైలుంది. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా పోయే లైన్ 2017లో నిజామాబాద్ దాకా పూర్తయింది. కొండలు, సొరంగాలు ఉండవు. కానీ హోలీ ముందు, ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో కిటికీ పక్కన కూర్చోండి. నీళ్లు తగ్గి చెట్లన్నీ ఆకు రాల్చే టైమ్ అది. సరిగ్గా అప్పుడే ఒక్క ఆకు లేని మోదుగ చెట్టు నిండా నిప్పు రంగు పూలు పూస్తుంది. పక్కన చేన్లలో పసుపు తవ్వుతుంటారు. ఆకు రాలే కాలం మన దగ్గర అక్టోబర్‌లో రాదు, హోలీకి వస్తుంది. క్యాలెండర్ తేడా అంతే.

అరకు నుంచి తిరిగొచ్చిన తెల్లారే అమ్మ మళ్లీ చాట ముందేసుకుని కూర్చుంది. ఎట్లుంది అమ్మా ట్రిప్, ఒక్క మాటలో చెప్పు, వీడియోలో పెడతా అన్నా. తునికాకు కత్తిరిస్తూ, తలెత్తకుండానే చెప్పింది:

"మంచిగుంది. వచ్చే ఏడు గా చెల్లె గింజ చేతికొచ్చినంక పోదాం. లీటరు నూనె కొనుక్కొద్దాం."

వచ్చే ఏడు జనవరి ఎపిసోడ్ అదే ఫ్రెండ్స్. అప్పటికి కొండ మీద పసుపు ఉండదు, వ్యూస్ కూడా రావేమో. అయినా పోతాం. మీరు అరకు పోయి వస్తే గట్టు మీది నుంచి తీసిన ఫొటో కామెంట్‌లో పెట్టండి. ఉంటా మరి, నమస్తే.